గోడ కింది మూర



సముద్రం ఒడ్డున ఉన్న పాత రాతికోట ఏదైనా చూసొచ్చి, దాని గురించి కాసేపు మాట్లాడమన్నారు నన్ను. సరేనన్నాను. ఒప్పుకున్నాక గుర్తొచ్చింది. మన వైపు అసలు రాయి ఎక్కడుందీ?

నవ్వకండి. ఒక్కసారి ఆలోచించండి. తెనాలిలో బావి తవ్వితే ఏం పడుతుంది? నల్లమట్టి. ఇంకా తవ్వితే ఇసక. రేపల్లెలోనూ అంతే. బాపట్లలో అయితే పైన ఇసక, కింద ఇసక. మా చిన్నప్పుడు కుక్కని అదిలించాలన్నా, మామిడికాయ కొట్టాలన్నా మట్టిబెడ్డే గతి. మా అమ్మ పచ్చడి నూరిన రోలు కొండల వైపు నుంచి బండెక్కి వచ్చిందే. కృష్ణమ్మ వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు మీద ఇళ్ళు కట్టుకుని కూర్చున్నాం మనం. అందులో గులకరాయి కూడా దొరకదు.

అయినా సముద్రం ఒడ్డున కోట మాత్రం ఉంది. రేపల్లె నుంచి యాభై కిలోమీటర్లు, ఇటో అటో. బందరు కోట. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మనవరాల్ని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చాను. దానికి తొమ్మిదేళ్ళు. కోట అనగానే రాజు, ఏనుగులు, పెద్ద తలుపులు అనుకుని బయల్దేరింది. అక్కడికి వెళ్ళాక దాని మొహం చూడాలి!

ఆ సంగతికి వస్తాను. అంతకన్నా ముందు ఒక్క మాట. ఇవాళ మీకు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్కటే. పాత కట్టడం చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు పైకి చూడకండి. కిందికి చూడండి. గోడ నేలని తాకే చోట, ఆ కింది మూర చూడండి. శిఖరం ఫొటోలో కూడా కనిపిస్తుంది. కింది మూర చూడాలంటే మాత్రం మనం వెళ్ళాల్సిందే.

తెనాలిలో పొద్దున రేపల్లె బండెక్కాం. చినరావూరు, వేమూరు దాటి భట్టిప్రోలు వచ్చింది. మాకు దిగే తీరిక లేదు. కిటికీలోంచే చూపించాను, అదిగో ఆ వైపు బౌద్ధుల స్తూపం ఉందమ్మా అని. క్రీస్తుకు ముందు కట్టింది. దేనితో కట్టారు? ఇటుకతో. మరి రాయి ఏం చేశారు? 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన ఆ దిబ్బ తవ్వించినప్పుడు లోపల రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. లోపల స్ఫటికపు భరిణె, అందులో ధాతువు. చూశారా! రాయి దొరకని చోట, దూరం నుంచి తెప్పించిన రాయిని అన్నిటికన్నా విలువైన దానికి వాడారు. గోడకి ఇటుక, భగవంతుడికి రాయి. మన ఇళ్ళలో బంగారాన్ని పుస్తెలకి దాచినట్టు.

ఆ స్తూపం ఇటుకల్నీ రాళ్ళనీ రే తవ్వించక ముందే, పందొమ్మిదో శతాబ్దంలో, రోడ్డు పనికీ కాలువ తూము పనికీ పట్టుకుపోయారు. రాయి లేని ఊళ్ళో పాత కట్టడం ఉందంటే అది అందరికీ క్వారీయే. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

రేపల్లెలో మా అక్కయ్య ఇంట్లో టిఫిను చేసి, బస్సెక్కాం. పెనుమూడి దగ్గర కృష్ణ మీద వారధి. ఒకప్పుడు అక్కడ రేవు ఉండేది. పడవ దాటి పులిగడ్డ చేరేవాళ్ళం. పడవ తప్పిపోతే ఆ రోజుకి పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. ఇప్పుడు వారధి మీద బస్సు అయిదు నిమిషాల్లో దాటేసింది. అవనిగడ్డ మీదుగా బందరు. బందరు నుంచి గిలకలదిండి వైపు ఆటో. దారికి అటూ ఇటూ మడ, తుమ్మ, ఉప్పునీటి కయ్యలు. ఎండు చేపల వాసన. అక్కడ దిగాం.

మా మనవరాలు చుట్టూ చూసింది. "కోట ఏది తాతయ్యా?" అంది.

నిజమే. పెద్ద ప్రాకారం లేదు. అగడ్త లేదు. బురుజులు లేవు. మిగిలింది ఒకటి రెండు కట్టడాలు. మందపాటి ఇటుక గోడలు, కమాను కిటికీలు. పైకప్పు లేదు, ఆకాశమే కప్పు. ఆయుధాలు దాచిన కొట్టు ఇదీ అంటారు. గంట కట్టిన కట్టడం అదీ అంటారు. మేకలు రెండు గుమ్మంలో నిలబడి మా వంక చూస్తున్నాయి, ఎవరింటికొచ్చారన్నట్టు.

మా మనవరాలికి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడన్నాను. "అమ్మడూ, పైకి చూడకు. ఇట్లా వచ్చి కింద కూర్చో."

గోడ మొదట్లో గొంతుక్కూర్చున్నాం ఇద్దరం. పైన గోడ నున్నగా, గట్టిగానే ఉంది. కింద మాత్రం ఇటుకలు లోపలికి తినేసినట్టు గుంటలు పడి ఉన్నాయి. ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గట్టు మాత్రం ముందుకు పొడుచుకొచ్చి నిలబడింది. తేనెపట్టు గదుల్లా. గోడ మొదట్లో నేల మీద ఎర్రటి పొడి, కారప్పొడి ఒలికినట్టు. గుంటల అంచుల మీద తెల్లటి నూగు. వేలితో తాకితే చక్కిలిగింతలు పెడుతుంది, అంత మెత్తన. మనవరాలు దాన్ని నాలిక మీద పెట్టుకోబోయింది. వద్దన్నాను. నేల మీది మట్టి నోట్లో పెట్టుకోకూడదుగా. కానీ అప్పటికే పెట్టేసుకుంది.

"ఉప్పు!" అంది.

అవును. ఉప్పే. మనం చౌడు అంటాం. బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె వైపు ఉన్న శ్రోతలకి చౌడు గురించి నేను చెప్పక్కర్లేదు. మీ గోడలకీ ఉంటుంది. కానీ అది ఎట్లా వస్తుందో, గోడని ఎట్లా తింటుందో చెప్తాను.

దీపం గుర్తు తెచ్చుకోండి. ప్రమిదలో నూనె కిందుంటుంది. వెలుగు పైన. మధ్యలో వత్తి. నూనెని ఎవరూ పైకి తోయడం లేదు. వత్తే పీల్చుకుంటుంది. ఇటుక కూడా వత్తే. దాని నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలు. కొత్త ఇటుక నీళ్ళలో వేస్తే బుడబుడమని బుడగలొస్తాయి, చూసే ఉంటారు. నేలలో తడి ఉంటే ఇటుక గోడ దాన్ని పైకి లాగుతుంది. జానెడు, మూరెడు, ఒక్కోచోట నడుమెత్తు.

మన తీరంలో ఆ నేల తడి ఉప్పటిది. నీరు ఉప్పుతో సహా గోడ ఎక్కుతుంది. బయట ఎండ, గాలి. నీరు ఆవిరైపోతుంది. ఉప్పు ఎగిరిపోలేదుగా? అక్కడే ఉండిపోతుంది.

ఎండలో పనిచేసొచ్చిన మనిషి చొక్కా చూడండి. వీపు మీద తెల్ల చారలు. చెమట పోయింది, ఉప్పు మిగిలింది. గోడ కూడా అంతే. గోడకి చెమట పడుతుంది, ఆరుతుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ ఆరుతుంది. ఏటా.

దాని వల్ల నష్టం ఏమిటంటారా? ఉప్పు నీటిలో కరిగి ఉన్నంత సేపు బాధ లేదు. నీరు పోయాక అది పలుకు కడుతుంది. ఇటుక రంధ్రంలో కూర్చుని పలుకు పెరుగుతుంది. ఇరుకు సీసాలో శనగలు నిండా పోసి, నీళ్ళు పోసి, మూత బిగించి మర్చిపోతే ఏమవుతుంది? ఉబ్బి సీసాని పగలగొడతాయి. ఉప్పు పలుకు కూడా అదే పని చేస్తుంది. కాకపోతే ఒక్కసారిగా కాదు. ఇటుకని రేణువు రేణువుగా రాలుస్తుంది. ఆ రాలిందే మేం చూసిన ఎర్రపొడి.

అందుకే చెప్తున్నాను, కింది మూర చూడమని. కోటని ఫిరంగి కొట్టిన చోటు వెతికినా దొరక్కపోవచ్చు. ఉప్పు కొట్టిన చోటు మాత్రం ఇవాళ కూడా పచ్చిగా కనిపిస్తుంది.

ఫిరంగులు కూడా కొట్టాయి, ఆ మాట కూడా చెప్పాలి. 1750లో ఈ కోట ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చింది. 1759లో కర్నల్ ఫోర్డ్ అనే ఇంగ్లీషు సేనాని వచ్చి ముట్టడించాడు. లోపల కాన్‌ఫ్లాన్స్ అనే ఫ్రెంచి సేనాని. కోట చుట్టూ చాలా మేర బురద, చిత్తడి. ఆ బురదే తమకు పెట్టనికోట అనుకున్నారు లోపలివాళ్ళు. దాన్ని దాటి ఎవడొస్తాడు అని ధీమా. కానీ కోటలో పనికెళ్ళే మన ఊరి జనం ఆ బురదలోంచే అడ్డంగా నడిచి వెళ్ళొచ్చేవాళ్ళని ఫోర్డ్ మనుషులు కనిపెట్టారంటారు. మరి నడవరా? మోకాలి లోతు మళ్ళో దిగి నాట్లేసే జనం మనం. మనకి బురద ఒక లెక్కా!

ఏప్రిల్ 7 రాత్రి. బురద వైపు నుంచి కొందరు వెళ్ళి కాల్పులు మొదలెట్టారు. లోపలివాళ్ళు అటు పరుగెత్తారు. అసలు దాడి ఇంకో వైపు నుంచి జరిగింది. తెల్లారేసరికి కోట చేతులు మారింది. లొంగిపోయినవాళ్ళు పట్టుకున్నవాళ్ళ కన్నా ఎక్కువట! ఫోర్డ్ తిప్పలు కూడా తక్కువేం కాదు. జీతాల డబ్బు లేదు, మందుగుండు అయిపోవచ్చింది, నిజాం సలాబత్ జంగ్ సైన్యం దగ్గర్లోనే ఉంది.

ఇది బందరు వాళ్ళ కథేగా, మాకేమిటి అనుకుంటున్నారా, రేపల్లె శ్రోతలు? ఉండండి. నెల తిరిగీ తిరగ్గానే, మే 14న, సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. బందరుతో పాటు నిజాంపట్నం సర్కారు కూడా వాళ్ళకి ఇనాముగా రాసిచ్చాడు. నిజాంపట్నం సర్కారంటే మన సముద్రపొడ్డు. ఆ ఇటుక గోడ ఒక రాత్రి నిలబడలేకపోయినందుకు మన ఊళ్ళకి దొర మారాడు.

అయినా కోటని నిజంగా పడగొట్టింది ఫోర్డ్ కాదు. 1864, నవంబరు 1. ఆ రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. రెండు నిలువుల ఎత్తున నీరు. ఊరికి ఊరే మునిగింది. ముప్ఫై వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళు మన శ్రోతల్లో ఉన్నారు. వాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. చెప్పకూడదు కూడా. 1864 తరవాత కోటలో సైన్యం నిలవలేదు. మనుషులు వదిలేసిన ఇల్లు ఏమవుతుందో మీకు తెలుసు. కప్పు పోతుంది. రావిమొక్క మొలుస్తుంది. కింద నుంచి చౌడు, పైనుంచి వాన.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

రేపల్లెలో అక్కయ్య ఉంటున్నది మా నాన్న కట్టిన ఇల్లే. ఇటుక గోడలు, డంగు సున్నం. సున్నాన్ని ఇసకతో కలిపి ఎద్దుల గానుగలో తొక్కించేవాళ్ళు. నున్నటి పూత కావాలనుకుంటే కరక్కాయ నీళ్ళు, బెల్లం కూడా కలిపేవాళ్ళు. మన తీరంలో ఆ సున్నం కూడా రాతిది కాదు, గుల్ల సున్నం. నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చి చేసిందన్నమాట. రాయి లేని చోట సముద్రం ఇచ్చిన రాయి అది.

ఆ ఇంటి గోడకి జానెడెత్తు చౌడు ఉండేది. ఏటా సంక్రాంతికి మా అమ్మ చీపురుతో దులిపి, సున్నం కొట్టించేది. అంతే. ముప్ఫై ఏళ్ళు అదే జానెడు. తరవాత మేం పెద్దవాళ్ళమయ్యాం, తెలివి పెరిగింది. "ఎందుకమ్మా ఏటా ఈ చాకిరీ, సిమెంటు పూయించేస్తే పీడా పోతుంది" అన్నాను. అన్నది నేనే. మేస్త్రీ వచ్చాడు, నడుమెత్తు సిమెంటు ప్లాస్టరింగు చేశాడు. నున్నగా అద్దంలా ఉంది. రెండేళ్ళు. మూడో ఏడు సిమెంటు పైన, అంతవరకూ శుభ్రంగా ఉన్న గోడ మీద, తెల్లటి నూగు మొదలైంది. తరవాత సిమెంటు పూతే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. వెనకాల ఇటుక పొడి పొడి.

ఏం జరిగింది? సున్నపు పూత గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. తడి దాంట్లోంచి బయటికి పోతుంది. ఉప్పు పూత మీద తేలుతుంది. పూత రాలుతుంది, ఇటుక బతుకుతుంది. మళ్ళీ పూత వేసుకుంటాం. సిమెంటు దారి మూసేసింది. కుండ మీద తడిబట్ట కప్పితే ఆవిరి బయటికి పోతుంది. స్టీలు మూత పెడితే? పోదు. గోడలో తడి కూడా బయటికి దారి లేక పైకెక్కింది. ఉప్పుని పైకి మోసుకెళ్ళింది. జానెడు చౌడుని నేనే నడుము దాటించాను.

మరి పునాదిలో ఏం చెయ్యాలి? అదుగో, అక్కడే రాయి. నాపరాయి, నల్లరాయి లాంటివి ఇటుకలా నీళ్ళు పీల్చవు. వత్తి మధ్యలో గాజుముక్క పెట్టినట్టు. మా మేనమామ ఇల్లు కట్టేటప్పుడు పల్నాడు నుంచి నాపరాళ్ళు తెప్పించి, నేల నుంచి జానెడు ఎత్తులో గోడ పొడుగునా ఒక వరస పరిచాడు. ఆ రోజుల్లో అందరూ వెక్కిరించారు, అరుగు మీద పరవాల్సిన రాయిని గోడలో దాచాడని. ఆ ఇంటికి ఇప్పటికీ చౌడు ఎక్కలేదు. బాపట్ల భావనారాయణస్వామి గుడికి వెళ్ళినప్పుడు కూడా ఇదే చూడండి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక కాస్త వంగి, రాతి అధిష్ఠానం ఎట్లా నిలబడిందో చూడండి. బందరులో డచ్చివాళ్ళ సమాధుల తోట ఉంది. పదిహేడో శతాబ్దం నాటి రాతి పలకలు. మీద అక్షరాలు, వంశాల గుర్తులు లోతుగా చెక్కి ఉన్నాయి. మూడు వందల ఏళ్ళ తరవాత కూడా వేలు పెట్టి తడిమి చదవొచ్చు. కోట ఇటుక పొడైపోయింది. సమాధి రాయి ఉంది. కోటలో ఉన్నవాళ్ళ కన్నా పోయినవాళ్ళకే గట్టి ఇళ్ళు కట్టించారు.

మీరు వెళ్ళాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి మంచిది. ఎందుకంటారా? వానల్లో ఉప్పు కరిగి లోపలికి పోతుంది, కనపడదు. ఎండు గాలి మొదలయ్యాక తెల్లగా పైకి తేలుతుంది. పొద్దున్నే వెళ్ళండి. ఏటవాలు ఎండలో గోడ గుంటలన్నీ తేటగా కనిపిస్తాయి. నీళ్ళు మీరే తీసుకెళ్ళండి, అక్కడ దొరికేది ఉప్పటి గాలి. గోడకి ఆనుకోకండి. పిల్లల్ని గోడ ఎక్కనివ్వకండి. మేకుతో పేర్లు రాసేవాళ్ళుంటారు, చెప్పి చూడండి. ఇటుక పైపొర కాలి గట్టిపడి ఉంటుంది. అదే దానికి చర్మం. ఆ చర్మం గీరితే ఉప్పుకి ఇంకో తలుపు తెరిచినట్టే.

ఇంకో రోజు తీరిక ఉంటే నిజాంపట్నం వెళ్ళండి. కోట కోసం కాదు. 1606లో డచ్చివాళ్ళు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు అక్కడ దిగారు. దేనికో తెలుసా? ఎర్ర రంగు కోసం. ఇసక నేలలో పెరిగే చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపు. ఆ ఎరుపుతో అద్దిన బట్ట కోసం. వాళ్ళ నోట ఆ ఊరు పెటపోలి. అటు బాపట్ల వైపు వాళ్ళయితే మోటుపల్లి వెళ్ళండి. అక్కడ గుడిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పాత రాజులు దోచుకునేవాళ్ళు, నేను మాత్రం సుంకం తప్ప ఇంకేం తీసుకోను అని వ్యాపారులకి ఇచ్చిన అభయం. ఆ మాట దేని మీద రాయించాడు? రాతి మీద. ఇటుక మీద కాదు. ఉప్పు సంగతి ఆయనకీ తెలిసే ఉంటుంది.

సాయంత్రం బస్సులో మళ్ళీ పెనుమూడి దాటి రేపల్లె వచ్చేశాం. మా మనవరాలు దారంతా నిద్ర. ఇంట్లో కాళ్ళు కడుక్కుని రాగానే వసారాలో గోడ పక్కన గొంతుక్కూర్చుంది. జానలతో కొలుస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

అక్కయ్య వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏం చేస్తున్నావే అక్కడ?"

"రేపల్లె మామ్మా, కోటకి ఆరు జానలు. నీ ఇంటికి నాలుగు" అంది.

అక్కయ్య నా వంక చూసింది. "ఒరేయ్, మొన్నటిదాకా ఒకటేరా" అంది.